చిన్న దేశానికి ఏ కూటమి మేలు? పేరు చూసి కాదు, పని చూసి ఎంచుకోవాలి

శ్రీలంక విదేశాంగ మంత్రి మిమ్మల్ని సలహాదారుగా పెట్టుకున్నారనుకోండి. పక్కనే ఇండియా ఉంది. అప్పులిచ్చి రేవులు కట్టిన చైనా ఉంది. మీ బట్టల ఎగుమతులు కొనే అమెరికా ఉంది. ముగ్గురిలో ఎవరితోనూ చెడకూడదు, ఎవరి గుప్పిట్లోనూ పడకూడదు. మీలాంటి చిన్న దేశాలతో కలిసి నడిస్తే ఈ పని తేలికవుతుందా? అవుతుందంటే ఎవరితో, ఏ విషయంలో కలవాలి?

అన్నానగర్‌లో సాయంత్రం పూట సివిల్స్ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. వాళ్ళలో చాలామంది నెల్లూరు, సూళ్ళూరుపేట, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్ళలో ఉంటున్న తెలుగు పిల్లలు. ఈ ప్రశ్న ఇచ్చినప్పుడల్లా ఎక్కువ పేపర్లలో ఒకే జవాబు కనిపిస్తుంది: ఐకమత్యమే మహాబలం, దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌ను బతికించాలి, బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కూటమి బిమ్స్‌టెక్‌ను బలపరచాలి. ఆ జవాబుకు మార్కులు పడొచ్చు. కానీ నిజంగా ఒక దేశం బాధ్యత నెత్తిన ఉన్న మనిషికి అది అక్కరకు రాదు. చెన్నైలో ఉన్న మనకు ఇది పుస్తకాల సంగతి మాత్రమే కూడా కాదు. ఇక్కడి నుంచి ముంబై కన్నా కొలంబో దగ్గర. కొలంబో రేవులో ఏ టెర్మినల్ ఎవరికి ఇచ్చారన్నది మన హార్బర్ వ్యాపారం మీద పడుతుంది. పాక్ జలసంధిలో పడవలు పట్టుబడితే మర్నాడు ఇక్కడి పేపర్లలో అదే మొదటి వార్త. అందుకే క్లాసులో ముక్కలు ముక్కలుగా చెప్పే పోలికను ఒకచోట రాస్తున్నాను.

పోల్చే ముందు అడగాల్సినవి

కూటమిలో ఎంతమంది ఉన్నారు, శిఖరాగ్ర సభకు ఎవరెవరు వచ్చారు అన్నది పక్కన పెట్టండి. మిమ్మల్ని ఒత్తిడి పెడుతున్న పెద్ద దేశం ఆ కూటమికి లోపల ఉందా, బయట ఉందా అన్నది ముందు చూడాలి. దానికి నిజంగా కావలసినది ఏదైనా మీ అందరి చేతిలో కలిపి ఉందా అన్నది తర్వాత చూడాలి. ఒక్క సభ్యుడు తల అడ్డంగా ఊపితే పని ఆగిపోతుందా అన్నది కూడా తెలియాలి. ఈ మూడింటిలో నేను ఎక్కువ బరువిచ్చేది రెండోదానికి. చేతిలో సరుకు లేని ఐకమత్యం తీర్మానాల దగ్గరే ఆగిపోతుందని చరిత్ర చాలాసార్లు చూపించింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మీకున్న ప్రమాదం ఏ రకం? రేవు, అప్పు, చేపలు, కరెంటు లాంటి రోజువారీ బేరమా, లేక దేశమే ఉంటుందా పోతుందా అన్న భయమా? రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టే దారి: ఆసియాన్

1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఇండోనేసియా, మలేసియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయ్‌లాండ్ కలిసి మొదలుపెట్టిన ఆగ్నేయాసియా కూటమి ఇది. అప్పటికి వియత్నాం యుద్ధం సాగుతోంది. ఇండోనేసియా, మలేసియా మధ్య గొడవ అప్పుడే చల్లారింది. ముందు తమలో తాము కొట్టుకోకుండా ఉండాలి, తర్వాత బయటివాళ్ళు తమ ఇళ్ళలో దూరకుండా చూసుకోవాలి అన్నదే వాళ్ళ అసలు ఆలోచన. 1971లో ఈ ప్రాంతం శాంతి, స్వేచ్ఛ, తటస్థత ఉండే చోటు కావాలని ప్రకటించారు. 1976లో బాలిలో స్నేహ సహకార ఒడంబడిక మీద సంతకాలు చేశారు.

ఆసియాన్ చేసిన తెలివైన పని ఆ ఒడంబడికను తర్వాత వాడుకున్న తీరు. మా సభల్లో కూర్చోవాలంటే ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టండి, బలప్రయోగానికి దిగబోమని ఒప్పుకోండి అన్నారు. 2003లో ఇండియా, చైనా సంతకం పెట్టాయి. 2004లో జపాన్, రష్యా పెట్టాయి. తూర్పు ఆసియా శిఖరాగ్ర సభలో చోటు కోసం 2005లో ఆస్ట్రేలియా పెట్టింది. 2009లో అమెరికా కూడా పెట్టింది. పెద్ద దేశాలన్నీ ఏటా వచ్చి చిన్న దేశాల ఆతిథ్యంలో, వాళ్ళు రాసిన ఎజెండా మీద మాట్లాడతాయి. సైన్యం బలం మీద ఇంతటి పిలుపు పుట్టదు. లావోస్ లాంటి సముద్రం లేని దేశం కూడా తన వంతు వచ్చినప్పుడు అధ్యక్ష స్థానంలో కూర్చుని అమెరికా, చైనా విదేశాంగ మంత్రులను ఆహ్వానిస్తుంది.

అయితే ఇక్కడ నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే. 2012 జులైలో నాంపెన్‌లో విదేశాంగ మంత్రుల సభ జరిగినప్పుడు చైనాతో తగాదా నడుస్తున్న దక్షిణ చైనా సముద్రం గురించి ఒక్క పేరా రాయడానికి కూడా ఒప్పందం కుదరలేదు. అధ్యక్ష స్థానంలో చైనాకు దగ్గరైన కంబోడియా ఉంది. 45 ఏళ్ళలో మొదటిసారి సంయుక్త ప్రకటన లేకుండానే సభ ముగిసింది. 2002లో చైనాతో కలిసి ఒక ప్రవర్తనా ప్రకటన చేశారు. కానీ కట్టుబడి తీరాల్సిన నియమావళి కోసం రెండు దశాబ్దాలు దాటినా చర్చలు సాగుతూనే వచ్చాయి. ఫిలిప్పీన్స్ చివరికి ఒంటరిగా అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళి 2016లో తీర్పు తెచ్చుకుంది. ఆ తీర్పు వెనక కూటమి మొత్తం గట్టిగా నిలబడలేకపోయింది. చైనాకు సభ్యులందరినీ ఒప్పించాల్సిన పని లేదు, ఒక్కరిని తనవైపు తిప్పుకుంటే చాలు.

కాబట్టి ఆసియాన్ దారి ఎవరికి? పెద్ద దేశాలు ఒకటికి మించి ఉండి, వాటిలో ఏదీ అప్పుడే మీ మీద పడేంత తొందరలో లేనప్పుడు ఇది మంచిది. మాట సాగుతూ ఉంటుంది, వ్యాపారం పెరుగుతుంది, పొరుగువాళ్ళతో పాత పగలు తగ్గుతాయి. ఇవి చిన్న లాభాలు కావు. వియత్నాం, ఫిలిప్పీన్స్ ఒకప్పుడు ఎదురెదురు శిబిరాల్లో ఉన్న దేశాలు, ఇప్పుడు ఇదే కూటమిలో కలిసి కూర్చుంటున్నాయి. కానీ మీ దీవిని ఎవరైనా ఆక్రమిస్తుంటే కాపాడమని ఆసియాన్ దగ్గరికి వెళ్ళకండి. దాన్ని అందుకోసం కట్టలేదు.

సరుకు చేతిలో పెట్టుకుని బేరమాడే దారి: నౌరు ఒప్పందం

పిల్లలకు నేను ఎక్కువసేపు చెప్పేది దీని గురించే, ఎందుకంటే దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. పసిఫిక్ సముద్రంలో మైక్రోనేసియా, కిరిబాటి, మార్షల్ దీవులు, నౌరు, పలావు, పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, తువాలు అని ఎనిమిది దేశాలు ఈ ఒప్పందంలో ఉన్నాయి. నౌరులో, తువాలులో జనాభా పన్నెండు వేలకు అటూఇటూ. మన చెన్నైలో ఒక్క కార్పొరేషన్ వార్డులో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. కానీ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా చేపల మీద హక్కు తీర దేశానిదే కాబట్టి, ఈ ఎనిమిదింటి సముద్రం కలిపితే చాలా పెద్దది. మన కోస్తాలో సూర అని అమ్మే ట్యూనా జాతుల్లో స్కిప్‌జాక్ అనే రకం, డబ్బాల్లో నింపి ప్రపంచమంతా అమ్మేది, ఇంచుమించు సగం ఈ నీళ్ళలోనే దొరుకుతుంది.

మొదట్లో ఆ చేప వల్ల వాళ్ళకు దక్కింది చాలా తక్కువ. ట్యూనా సముద్రాల మీదుగా తిరిగే చేప కాబట్టి దాని మీద తీర దేశాలకు హక్కు లేదన్నది అప్పట్లో అమెరికా వాదన. 1984లో సోలమన్ దీవులు తమ నీళ్ళలో అనుమతి లేకుండా చేపలు పడుతున్న జానెట్ డయానా అనే అమెరికా పడవను పట్టుకుంది. అమెరికా వెంటనే సోలమన్ దీవుల చేపల దిగుమతి ఆపేసింది. 1985లో కిరిబాటి ఏం చేసిందంటే, సోవియట్ యూనియన్‌తో చేపల ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటిదాకా పసిఫిక్ తన పెరడు అనుకున్న అమెరికాకు అది మింగుడు పడలేదు. 1987లో అమెరికా పసిఫిక్ దీవులన్నిటితో కలిపి ఒకే ట్యూనా ఒప్పందం మీద సంతకం చేసి డబ్బు చెల్లించడానికి ఒప్పుకుంది. అగ్రరాజ్యాల పోటీని ఒక చిన్న దేశం ధైర్యంగా వాడుకోవడం, మిగిలిన దీవులు ఉమ్మడిగా చర్చలకు కూర్చోవడం, ఈ రెండూ కలిస్తేనే ఆ ఫలితం వచ్చింది. కిరిబాటి ఒక్కటే ఉంటే రష్యన్లు వెళ్ళిపోయాక మళ్ళీ మొదటికే వచ్చేది.

నౌరు ఒప్పందం 1982లోనే కుదిరింది. కానీ దానికి పదును వచ్చింది 2007లో, పడవ రోజుల పద్ధతి మొదలయ్యాక. ఎనిమిది దేశాల నీళ్ళలో ఏడాదికి మొత్తం ఎన్ని పడవ రోజులు చేపలు పట్టొచ్చో ముందే లెక్క కడతారు. ఆ రోజులను దేశాలు పంచుకుంటాయి, కావలిస్తే తమలో తాము అమ్ముకుంటాయి. జపాన్, కొరియా, చైనా, తైవాన్, అమెరికా పడవలు వచ్చి ఆ రోజులు కొనుక్కోవాలి. రోజుకు కనీస ధర ఇంత అని ఉమ్మడిగా నిర్ణయిస్తారు. అది 2015 నుంచి ఎనిమిది వేల డాలర్లు. ఇంకో షరతు కూడా పెట్టారు: మా నీళ్ళలో లైసెన్స్ కావాలంటే, మా మధ్యలో ఉన్న అంతర్జాతీయ జలాల్లో చేపలు పట్టకూడదు. తమకు హక్కు లేని నీళ్ళను కూడా ఈ లైసెన్స్ షరతుతో కట్టడి చేశారు. 2010లో సుమారు 6 కోట్ల డాలర్లున్న ఆదాయం కొన్నేళ్ళలోనే 50 కోట్ల డాలర్ల దగ్గరికి చేరింది. కిరిబాటి ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా ఈ లైసెన్సుల నుంచే వస్తుంది.

కోయంబేడు మార్కెట్‌కు రైతులు విడివిడిగా వచ్చి దిగితే కొనేవాడు చెప్పిందే ధర. లోడ్లన్నీ ఒకే చేతి కింద ఉంటే కొనేవాడే వచ్చి అడగాలి. ఈ దీవులు చేసింది అదే.

ఇక్కడ కొనే దేశాలన్నీ బయట ఉన్నాయి. సరుకు లోపల ఉంది. సభ్యులు తక్కువ, అందరికీ కావలసింది ఒక్కటే. నేను మొదట చెప్పిన మూడు ప్రశ్నలకూ మంచి జవాబులు వచ్చే కూటమి ప్రపంచంలో ఇంతకన్నా స్పష్టంగా నాకు మరొకటి కనిపించదు. లోపాలు లేవని కాదు. సముద్రం వేడెక్కుతున్న కొద్దీ ట్యూనా తూర్పు వైపు జరుగుతుందన్న భయం ఉంది. అప్పుడు కొందరి వాటా తగ్గి, కొందరిది పెరిగి లోపలే చిచ్చు రావచ్చు. పైగా ఈ బలం చేపల దాకానే. అదే సోలమన్ దీవులు 2022 ఏప్రిల్‌లో చైనాతో విడిగా భద్రతా ఒప్పందం చేసుకుంటే మిగిలిన దీవులు ఆపలేకపోయాయి.

అదే ఏడాది మే నెలలో మాత్రం ఇంకొకటి జరిగింది. చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ పది దీవులను కలిపి భద్రత, పోలీసు, డేటా లాంటి విషయాల్లో ఒకే పెద్ద ఒప్పందం ప్రతిపాదించారు. మాలో మేము ముందు మాట్లాడుకోవాలి, ఏకాభిప్రాయం లేదు అని ఫిజీలో జరిగిన సమావేశంలో దీవులు దాన్ని పక్కన పెట్టాయి. ఆసియాన్‌ను కట్టిపడేసిన ఏకాభిప్రాయ నియమమే ఇక్కడ దీవులకు రక్షణగా పనిచేసింది. వీటో, అంటే ఒక్కరు కాదంటే పని ఆగిపోయే హక్కు, మంచిదా చెడ్డదా అని పిల్లలు తరచూ అడుగుతారు. బయటివాళ్ళు తెచ్చిన పనిని ఆపాలంటే వీటో మేలు చేస్తుంది. మీరే ఒక పని చేయాలనుకుంటే అడ్డం పడుతుంది. మీకు ఏది ఎక్కువ అవసరమో చూసుకుని ఎంచుకోవాలి.

తిరిగి రాలేని దారి: బాల్టిక్ దేశాలు

ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా కథ చదివినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. 1934లో ఈ మూడూ కలిసి జెనీవాలో ఒక ఒప్పందం చేసుకున్నాయి, విదేశీ వ్యవహారాల్లో కలిసి నడుద్దామని. 1939 శరదృతువులో సోవియట్ యూనియన్ ఒక్కో దేశాన్నీ విడివిడిగా మాస్కోకు పిలిచి, రెండు వారాల లోపే మూడింటి చేతా సైనిక స్థావరాలకు సంతకాలు పెట్టించుకుంది. ఎవరికి వారే యమునా తీరే అయిపోయింది. 1940లో మూడూ మ్యాప్ మీంచే పోయాయి. ముగ్గురు చిన్నవాళ్ళు కలిసినా, చేతిలో పెద్దవాడికి కావలసిన సరుకు గానీ వెనక నిలబడే ఇంకో బలం గానీ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా కటువైన ఉదాహరణ లేదు.

1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి విల్నియస్ దాకా ఆరు వందల కిలోమీటర్లకు పైగా ఇరవై లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. 1991లో స్వాతంత్ర్యం వచ్చాక మూడు దేశాలూ పాత పాఠం మరచిపోలేదు. తమలో తాము కలిసి నడుస్తూనే, 2004లో నాటోలో, యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. తమ చట్టాలను, సైన్యాన్ని, తర్వాత కరెన్సీని కూడా పెద్ద గొడుగు కిందికి మార్చుకున్నాయి. 2025 ఫిబ్రవరిలో రష్యా నడిపే కరెంటు గ్రిడ్ నుంచి మూడూ కలిసి బయటికొచ్చి యూరప్ గ్రిడ్‌కు కలిశాయి. ఆ పని ఏ ఒక్క దేశమూ విడిగా చేయగలిగేది కాదు.

ఈ గొడుగు చైనా విషయంలోనూ పనికొచ్చింది. 2021లో విల్నియస్‌లో తైవాన్ పేరుతో కార్యాలయం తెరవనిచ్చినందుకు లిథువేనియా సరుకును చైనా కస్టమ్స్ దగ్గరే ఆపేసింది. 2022 జనవరిలో యూరోపియన్ యూనియన్ ఆ విషయాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకెళ్ళింది. ఇలాంటి ఒత్తిడిని ఉమ్మడిగా ఎదుర్కొనేందుకు ఒక చట్టం తయారుచేసుకుంది. అది 2023 డిసెంబరులో అమల్లోకి వచ్చింది.

దేశం ఉనికికే ముప్పు ఉంటే ఇదే సరైన దారి అని నా నమ్మకం. కానీ ఇది కోరుకున్నవాళ్ళందరికీ దొరకదు. అంత సంపన్నమైన, చట్టం రాసి పాటించే పెద్ద కూటమి మీ పక్కనే ఉండాలి, మిమ్మల్ని చేర్చుకోవడానికి అది సిద్ధంగా ఉండాలి. మన ప్రాంతంలో అలాంటిది లేదు. పరీక్షలో శ్రీలంకకో నేపాల్‌కో బాల్టిక్ సలహా రాస్తే అది ఊహలోనే మిగిలిపోతుంది.

పెద్దవాడు లోపలే ఉన్న కూటములు

ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. 1985 డిసెంబరు 8న ఢాకాలో మొదలైన సార్క్‌లో ఇండియా ఒక్కటే మిగిలిన అందరికన్నా చాలా పెద్దది. ఇండియాతో బేరమాడడానికి కలిసికట్టుగా ఒక చోటు దొరుకుతుందన్నది చిన్న పొరుగు దేశాల ఆశ. వాళ్ళందరూ కలిసి ఒక్కటై తన మీదికి వస్తారేమోనన్నది ఢిల్లీ అనుమానం. దాంతో చార్టర్‌లోనే రెండు దేశాల మధ్య తగాదాలు ఇక్కడ మాట్లాడకూడదని, నిర్ణయాలు ఏకగ్రీవంగానే ఉండాలని రాసుకున్నారు. 2014 నవంబరులో ఖాట్మండులో సభ జరిగింది. 2016లో ఇస్లామాబాద్ సభ ఉరీ దాడి తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాత శిఖరాగ్ర సభే లేదు. ఇద్దరు పెద్దల గొడవలో ఆరుగురు చిన్నవాళ్ళ వేదిక మూతపడింది. నేపాల్, మాల్దీవులు, భూటాన్ దీని వల్ల పోగొట్టుకున్నది చాలా ఎక్కువ.

పెద్దవాడు లోపల ఉంటే ఇంతకన్నా చేదైన సంగతులూ ఉన్నాయి. 2017 జూన్‌లో గల్ఫ్ సహకార మండలిలోని సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్ తమ కూటమిలోనే ఉన్న కతార్‌తో తెగతెంపులు చేసుకుని దారులు మూసేశాయి. 2021 జనవరి దాకా అది సాగింది. కతార్‌ను ఆదుకున్నది కూటమి కాదు. దాని గ్యాస్, దాని నేల మీద ఉన్న అమెరికా స్థావరం, సైన్యాన్ని పంపిన టర్కీ. 1983 అక్టోబరులో గ్రెనడా విషయంలో తూర్పు కరీబియన్ రాజ్యాల సంస్థ తానే అమెరికా సైన్యాన్ని రమ్మని కోరింది. ఆ సంస్థలో గ్రెనడా కూడా సభ్యురాలే. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 108 ఓట్లతో ఆ దాడిని తప్పుపట్టింది. ప్రాంతీయ కూటమి పేరు ఒక్కోసారి అగ్రరాజ్యానికి తలుపు తీసే తాళంచెవి కూడా అవుతుందని దీన్ని చదివినవాళ్ళు గుర్తుంచుకోవాలి. అదే కరీబియన్‌లో 1972 డిసెంబరులో బార్బడోస్, గయానా, జమైకా, ట్రినిడాడ్ నాలుగూ ఒకే రోజు క్యూబాతో సంబంధాలు మొదలుపెట్టాయి. అప్పుడు అమెరికా ఎవరినని శిక్షిస్తుంది? ఆ నాలుగూ స్వతంత్రం వచ్చి పదకొండేళ్ళు కూడా నిండని దేశాలు.

పెద్దవాడు లోపల ఉన్నంత మాత్రాన పని జరగదని అనుకోవద్దు. చిన్న విషయాలు, కొలవగలిగే విషయాలు తీసుకుంటే జరుగుతుంది. 2024 అక్టోబరులో నేపాల్, ఇండియా, బంగ్లాదేశ్ మూడూ కలిసి కరెంటు ఒప్పందం చేసుకున్నాయి. నేపాల్ జలవిద్యుత్తు 40 మెగావాట్లు భారత గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్ళడం నవంబరులో మొదలైంది. 40 మెగావాట్లు చాలా చిన్న అంకె. కానీ నేపాల్‌కు ఇండియా కాకుండా ఇంకో కొనుగోలుదారు దొరకడం ఇదే మొదలు. సార్క్ ప్రసంగాలన్నిటికన్నా ఆ తీగలో నాకు ఎక్కువ ఆశ కనిపిస్తుంది.

గొంతు కలిపే వేదికలు, ఒంటరి బేరాలు

వీటి గురించి ఎక్కువ చెప్పను. చిన్న ద్వీప దేశాల కూటమి 1990 నుంచి వాతావరణ చర్చల్లో ఉంది. 2015 పారిస్ ఒప్పందంలో భూమి 1.5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదన్న మాట చేరడానికి వాళ్ళ పట్టుదల పెద్ద కారణం. వనువాటు నాయకత్వంలో మొదలైన ప్రయత్నం వల్ల 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ బాధ్యతల మీద సలహా అభిప్రాయం ఇచ్చింది. 1992లో సింగపూర్ మొదలుపెట్టిన చిన్న దేశాల వేదికలో ఇప్పుడు వందకు పైగా దేశాలున్నాయి. నియమాలు రాసే చోట, ఓట్లు లెక్కపెట్టే చోట ఇవి విలువైనవి. ఖర్చు తక్కువ కాబట్టి ప్రతి చిన్న దేశమూ చేరాలి. ఇంకో దారికి బదులుగా మాత్రం కాదు.

ఒంటరిగా ఇద్దరు ముగ్గురితో సమతూకం నడపడం శ్రీలంక చాలాకాలంగా చేస్తున్న పని. కొలంబో రేవులో ఒక టెర్మినల్‌లో చైనా కంపెనీ ఉంది. తూర్పు టెర్మినల్ ఇండియా, జపాన్‌లకు ఇస్తామని 2019లో ఒప్పుకుని 2021లో వెనక్కి తగ్గారు. తర్వాత పశ్చిమ టెర్మినల్ అదానీ సంస్థ చేతికి వచ్చింది. హంబన్‌తోట 99 ఏళ్ళ లీజుకు 2017లో చైనా కంపెనీకి వెళ్ళింది. ప్రభుత్వం మారినప్పుడల్లా మొగ్గు మారుతుంది, ప్రతి మార్పుకూ ఒకరు అలుగుతారు. 2022లో అప్పులు కట్టలేక చేతులెత్తేసినప్పుడు బేరమాడే బలమంతా పోయింది. ఒంటరి బేరానికి ఖజానా నిండుగా ఉండాలి. నేపాల్‌కైతే భూగోళమే అడ్డం. 2015లో ఇండియా సరిహద్దు దగ్గర సరుకు ఆగిపోయిన దిగ్బంధం తర్వాత చైనా రేవుల వాడకానికి ఒప్పందం చేసుకుంది గానీ ఆ రేవులు మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. ఆచరణలో దాని సరుకు ఇప్పటికీ కోల్‌కతా మీదుగానే ఎక్కువగా వస్తుంది. విశాఖ రేవును కూడా వాడుకునేలా 2016 ఫిబ్రవరిలో ఇండియాతో పత్రాలు మార్చుకుంది.

మరి ఎవరికి ఏది?

నేపాల్‌కు నేను చెప్పేది: పెద్ద సభల కోసం ఎదురుచూడకుండా కరెంటు మీద, రోడ్ల మీద, రేవుల మీద మూడు దేశాలు, నాలుగు దేశాలు కలిసే చిన్న ఒప్పందాలు. ప్రతి కొత్త కొనుగోలుదారు, ప్రతి కొత్త దారి ఒక్కో అంగుళం స్వేచ్ఛ. భూటాన్‌కైతే నెమ్మదిగా ఉండడమే పద్ధతి. 2015లో నాలుగు దేశాల మోటారు వాహనాల ఒప్పందం మీద థింఫూలోనే సంతకాలు జరిగినా, పర్యావరణం, చిన్న రవాణాదారుల భయం వల్ల దాని పార్లమెంటు ఆమోదించలేదు. మిగిలిన ముగ్గురినీ ముందుకు సాగమని చెప్పింది. కాదనగలిగే హక్కును స్నేహం చెడకుండా వాడుకోవడానికి ఇది చక్కటి నమూనా.

శ్రీలంక, మాల్దీవుల విషయంలో మాత్రం నా సలహా సూటిగా ఉంటుంది. 2011లో ఇండియాతో కలిసి మొదలై, 2014 తర్వాత ఆగిపోయి, 2020లో మళ్ళీ లేచిన కొలంబో భద్రతా సదస్సు ఉంది. మారిషస్, తర్వాత బంగ్లాదేశ్ కూడా చేరాయి. 2024 ఆగస్టులో దాని చార్టర్ మీద సంతకాలయ్యాయి. సముద్రంలో మాదక ద్రవ్యాలు, ఆపదలో పడ్డ ఓడలు, సైబర్ నేరాలు లాంటి పనులకు అది సరిపోతుంది, అందులో ఉండాలి. కానీ అందులో ఇండియా ఉంది కాబట్టి ఇండియాకూ చైనాకూ మధ్య సమతూకానికి అది పనికిరాదు. కొత్త ప్రభుత్వం వచ్చిన మాల్దీవులు 2023 డిసెంబరులో దాని సమావేశానికి దూరంగా ఉండడానికి కారణం కూడా ఇదే అని నా అభిప్రాయం.

సమతూకానికి దీవులు మాత్రమే ఉన్న ఇంకో ఏర్పాటు కావాలి. ఎందుకంటారా? 2024 జనవరిలో శ్రీలంక విదేశీ పరిశోధన ఓడలేవీ ఏడాది పాటు రాకూడదని నిషేధం పెట్టింది. ఒక్క దేశం పేరు ఎత్తలేదు, అందరికీ ఒకే నియమం. అది తెలివైన నిర్ణయం. కానీ షియాంగ్ యాంగ్ హాంగ్ 03 అనే చైనా ఓడ ఫిబ్రవరిలో మాల్దీవుల రాజధాని మాలె రేవుకు వచ్చి ఆగింది. ఒత్తిడి అలాగే ఉంది, పక్క దేశం మీదికి మారిందంతే. ఒకరు మూసిన తలుపు పక్కనే ఇంకొకరిది తెరిచి ఉంటే ఏ నియమానికీ విలువ ఉండదు.

పసిఫిక్ దీవులు చేపల విషయంలో చేసిన పనిని ఇక్కడ రేవుల విషయంలో చేయొచ్చు. హిందూ మహాసముద్రంలో తూర్పు పడమరలుగా తిరిగే ఓడలకు కొలంబో, మాలె, పోర్ట్ లూయిస్, విక్టోరియా రేవులు కావాలి. అదే ఈ దీవుల చేతిలోని సరుకు. శ్రీలంక, మాల్దీవులు, మారిషస్, సీషెల్స్ నాలుగూ కలిసి, పరిశోధన ఓడలు, యుద్ధనౌకలు ఆగడానికి ఒకే నియమం రాసుకోవాలి: ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏ పరికరాలు ఆపేయాలి, సేకరించిన సమాచారం ఎవరితో పంచుకోవాలి. ఇండియా ఓడకూ అదే నియమం, చైనా ఓడకూ అదే, అమెరికా ఓడకూ అదే. ట్యూనా విషయంలోనూ ఇదే పట్టు కావాలి. ఇప్పుడున్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్‌లో దూరం నుంచి వచ్చి చేపలు పట్టేవాళ్ళు కూడా సభ్యులే. 2023 ఫిబ్రవరిలో మొంబాసాలో చేపలను పోగేసే తేలే పరికరాల మీద ఏటా 72 రోజుల నిషేధం ఓటింగ్‌లో నెగ్గినా, యూరోపియన్ యూనియన్ అభ్యంతరం చెప్పి దానికి కట్టుబడకుండా ఉండిపోయింది. కొనేవాడికి లోపల ఓటు ఉంటే నౌరు దారి సాగదు.

దీన్ని ఢిల్లీ ఒప్పుకుంటుందా అని సూళ్ళూరుపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మొదట నచ్చకపోవచ్చు. కానీ 2022 ఆగస్టులో యువాన్ వాంగ్ 5 అనే చైనా ఓడ హంబన్‌తోటకు వచ్చినప్పుడు ఢిల్లీ పడ్డ టెన్షన్ గుర్తు చేసుకుంటే, ఓడ ఓడకూ కొలంబో మీద ఒత్తిడి తేవడం కన్నా నాలుగు దీవులూ అందరికీ ఒకేలా అమలుచేసే రాతపూర్వక నియమం ఇండియాకే ఎక్కువ నమ్మకం ఇస్తుంది. మొదటి ఏడాది పరిశోధన ఓడలతో మాత్రమే మొదలుపెట్టమంటాను. యుద్ధనౌకల జోలికి అప్పుడే వెళ్ళొద్దు. నాలుగు రేవుల అధికారులు ఒకే దరఖాస్తు ఫారం వాడడం మొదలుపెడితే చాలు, మిగిలిన బేరం దాని మీద కట్టుకోవచ్చు.